దేవుడి పేరు లేని పుస్తకమల్లా సెక్యులర్ కాదు: ఇంటి చదువులో అపోహలు – వాస్తవాలు

"మేడమ్, పుస్తకమంతా తిరగేశాను. దేవుడి పేరు ఒక్కచోట కూడా లేదు. అంటే సెక్యులరే కదా?"

ఈ ప్రశ్న నాకు వారానికి ఒకటి రెండుసార్లయినా ఎదురవుతుంది. ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు పుస్తకాలు ఎంచుకోవడంలో సాయపడటం, ఏడాది చివర పిల్లలు ఎంతవరకు వచ్చారో చూడటం నా పని. అంతకుముందు పదకొండేళ్లు బయాలజీ చెప్పాను. ఈ ప్రశ్నకు సరైన జవాబు మొదట్లోనే దొరికి ఉంటే ఎన్నో ఇళ్లలో ఏళ్లకు ఏళ్లు మిగిలేవి. అందుకే మిగతా వాటికంటే దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: మతం మాట లేకపోతే అది సెక్యులర్ పుస్తకమే

కాదు. హోమ్‌స్కూల్ పుస్తకాల్లో మత దృష్టితో రాసినవి కొన్ని. అవి ఆ సంగతి దాచవు, ముందుమాటలోనే చెప్పేస్తాయి, వాటితో ఎవరూ మోసపోరు. సైన్స్‌ను సైన్స్‌గా, చరిత్రను ఆధారాలతో చెప్పే నిజమైన సెక్యులర్ పుస్తకాలు మరికొన్ని. ఈ రెంటి మధ్య ‘న్యూట్రల్’ అనే మూడో రకం ఉంది. చిక్కంతా దానితోనే. మతాన్ని నమ్మేవాళ్లూ కొనాలి, నమ్మనివాళ్లూ కొనాలి అన్న లెక్కతో, ఎవరికైనా అభ్యంతరం కావచ్చనుకున్న ప్రతి విషయాన్నీ అందులోంచి తీసేస్తారు. జీవపరిణామం, భూమి వయసు, విశ్వం వయసు, మనిషి పుట్టుక, ఒక్కోసారి డైనోసార్లు ఎప్పుడు బతికాయన్న సంగతి కూడా పోతుంది. ఉన్నంతలో పుస్తకంలో తప్పేమీ కనబడదు. రాసిన తప్పునైతే తల్లి పట్టుకోగలదు. లేని పేజీని ఎలా పట్టుకుంటుంది?

కొంతకాలం క్రితం ఒక తల్లి తన పదహారేళ్ల కొడుకును తీసుకొచ్చింది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (అమెరికాలో హైస్కూల్ పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్ష) బయాలజీ రాయాలని వాడి కోరిక. కణం గురించి, కిరణజన్య సంయోగక్రియ గురించి, రక్తప్రసరణ గురించి గడగడా చెప్పాడు. గుండె బొమ్మ పుస్తకం చూడకుండానే గీశాడు. నాకు చాలా ముచ్చటేసింది. తర్వాత, "యాంటీబయోటిక్స్ కొన్నాళ్లకు ఎందుకు పనిచేయకుండా పోతాయి?" అని అడిగాను. "బాక్టీరియాకు అలవాటైపోతుంది మేడమ్" అన్నాడు. తిమింగలానికి వెనక కాళ్లు లేవు కదా, మరి ఒంట్లో కటి ఎముకలు ఎందుకున్నాయని అడిగాను. తెల్లబోయి అమ్మ వైపు చూశాడు.

బాక్టీరియాకు ఏదీ అలవాటు కాదు. కోట్లాది బాక్టీరియాలో ఏ కొన్నింటికో ఉత్పరివర్తనం (జన్యువుల్లో దానంతటదే వచ్చే మార్పు) వల్ల ఆ మందును తట్టుకునే గుణం ముందే ఉంటుంది. మందు మిగతావాటిని చంపేస్తుంది, ఇవి మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి. ప్రకృతి వరణం అంటే అదే. ఆరేళ్లు సైన్స్ చదివిన ఆ అబ్బాయి ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు. వాడు రాయాలనుకున్న పరీక్షలో ఈ ఒక్క యూనిట్‌కే 13 నుంచి 20 శాతం దాకా వాటా ఉంది. అది తెలియగానే ఆ తల్లి, "నా చేతులతో నేనే వాడి చదువు పాడుచేశాను" అని ఏడ్చేసింది. లేదమ్మా, కవర్ మీద ‘అన్ని కుటుంబాలకూ అనువైనది’ అని రాసి, లోపల సగం సైన్స్ మింగేసినవాళ్లది ఆ తప్పు. పునాది గట్టిగా ఉండబట్టి పది వారాల్లో ఆ అబ్బాయి అందుకున్నాడు. కానీ వాడు పడ్డ టెన్షన్ అంతా అనవసరంగా పడ్డదే.

ఇలాంటిది నా ఇంట్లోనూ జరిగింది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు నేనే ఒక సైన్స్ సిరీస్ కొన్నాను. బొమ్మలు బాగున్నాయి, ప్రయోగాలు బాగున్నాయి. ఏడాది గడిచాక ఒక రాత్రి అది, "అమ్మా, శిలాజాలు ఎంత పాతవి?" అని అడిగింది. పుస్తకంలో చూద్దామని తీస్తే శిలాజాల పాఠం నాలుగు పేజీలుంది. రాయిగా ఎలా మారతాయో ఉంది, ఎలా తవ్వి తీస్తారో ఉంది, అంకె ఒక్కటీ లేదు. మిగతా భాగాలన్నీ ముందేసుకుని తెల్లవారేదాకా వెతికాను. ఎక్కడా లేదు. బయాలజీ చెప్పిన నేనే ఏడాది పాటు గమనించలేదంటే, సైన్స్ చదవని తల్లిదండ్రులను ఎవరైనా ఎలా తప్పుపడతారు?

కాబట్టి కొనే ముందు చివరి పేజీల్లోని పదసూచిక తెరవండి. పరిణామం, ప్రకృతి వరణం, ఉమ్మడి పూర్వీకులు, శిలాజాలు అన్న మాటలు ఉన్నాయో లేదో చూడండి. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లని, విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లని ఎక్కడైనా అంకెల్లో ఉందా? "చాలా కాలం క్రితం" అని వదిలేస్తే అనుమానించండి. "జీవం ఎలా వచ్చిందో మీ కుటుంబ విశ్వాసాల ప్రకారం మాట్లాడుకోండి" అని ఉంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. చిన్న మార్పులు ఒప్పుకుంటూ, ఒక జాతి నుంచి ఇంకో జాతి రావడం గురించి మాత్రం నోరు మెదపని పుస్తకాలూ ఉంటాయి, అవీ ఈ కోవలోవే. హైస్కూల్ పిల్లలైతే వాళ్లు రాయబోయే పరీక్ష సిలబస్ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని, పుస్తకం పక్కన పెట్టి ఒక్కో అంశానికీ టిక్కు పెట్టుకోండి. అరగంట పని.

అపోహ: పరిణామం ఒక సిద్ధాంతమే కదా, కార్బన్ డేటింగ్ కూడా తప్పని తేలిందంట

ఈ ‘అంట’లు వినీ వినీ విసిగిపోయాను. ఇంగ్లీషు వాడుకలో థియరీ అంటే ఊహ అనే అర్థం కూడా ఉంది. ఈ గందరగోళం అక్కడి నుంచి వచ్చింది. మన భాషలో సిద్ధాంతం అంటేనే విచారించి తేల్చిన నిర్ణయం, సైన్స్‌లో దాని అర్థమూ అదే. ఇక కార్బన్ డేటింగ్ అంటే, ఒకప్పటి జీవుల అవశేషాల్లో కార్బన్-14 ఎంత మిగిలిందో చూసి వయసు కట్టడం. దాని అర్ధాయువు, అంటే సగానికి తరగడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. దానితో దాదాపు 50 వేల ఏళ్ల వరకే వయసు కట్టగలరు. డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల క్రితం అంతరించాయి (పక్షులుగా మారిన శాఖ తప్ప), వాటి వయసును కార్బన్‌తో ఎవరూ కట్టరు. రాళ్లకు యురేనియం-సీసం లాంటి పద్ధతులు వాడతారు. యురేనియం-238 అర్ధాయువు దాదాపు 447 కోట్ల ఏళ్లు. కార్బన్‌తో డైనోసార్ వయసు తప్పుగా వచ్చిందని ఎవరైనా చెబితే, ఈ పద్ధతి గురించి వాళ్లకు తెలియదన్నమాట.

అపోహ: సెక్యులర్ చదువంటే మతం ఊసే ఎత్తకూడదు

ఇది రెండో చివర. భయం కొద్దీ కొందరు తల్లిదండ్రులు చరిత్ర పుస్తకంలో గుడి, చర్చి, మసీదు బొమ్మ కనిపించినా పక్కన పెట్టేస్తున్నారు. బుద్ధుడు లేకుండా అశోకుణ్ని ఎలా చెబుతారు? 622లో మహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు సాగించిన ప్రయాణం, 1517లో క్యాథలిక్ చర్చి మీద మార్టిన్ లూథర్ తిరుగుబాటు లేకుండా ప్రపంచ చరిత్ర ఏం మిగులుతుంది? ఎవరు ఏం నమ్మారో, దానివల్ల ఏం జరిగిందో చెప్పడం చరిత్ర. నువ్వూ ఇది నమ్ము అంటేనే మతబోధ అవుతుంది. చరిత్ర పుస్తకంలో చూడాల్సింది కాలరేఖ మొదలయ్యే చోటు. పదిహేడో శతాబ్దంలో ఆర్చ్‌బిషప్ అషర్ అనే క్రైస్తవ మతాధికారి బైబిల్ ఆధారంగా సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్కగట్టాడు. మీ పుస్తకంలో కాలరేఖ ఆ దరిదాపుల్లో మొదలైతే, క్రీ.పూ. 9500 ప్రాంతంలో కట్టడం మొదలైన టర్కీలోని గోబెక్లి టెపే రాతి స్తంభాలకు అందులో చోటుండదు.

అపోహ: సెక్యులర్ చదువు నాస్తికుల వ్యవహారం

నా దగ్గరికి వచ్చేవాళ్లలో పూజ చేసేవాళ్లు, నమాజు చేసేవాళ్లు, ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు అందరూ ఉన్నారు. తమ మతం తామే నేర్పుకుంటామని, ఎవరో పుస్తకం రాసినాయన మతం తమ పిల్లల లెక్కల్లోకి రాకూడదని వాళ్ల కోరిక. అది న్యాయమైన కోరికే. ఇంటి చదువు మతం కోసమే పుట్టిందన్నదీ నిజం కాదు. అమెరికాలో ఈ ఉద్యమానికి ఊపిరి పోసిన జాన్ హోల్ట్ బడుల్లో పనిచేసిన టీచర్. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నదే ఆయన తపన. ఇంట్లో చదివించే కుటుంబాల కోసం 1977లోనే పత్రిక పెట్టాడు. అక్కడి ప్రభుత్వ గణాంకాల్లో 2016లో బడి వాతావరణంపై ఆందోళనను అన్నిటికంటే ముఖ్య కారణంగా చెప్పినవాళ్లు 34 శాతం, మతబోధ అన్నవాళ్లు 16 శాతం.

అపోహ: మత కారణం చూపిస్తేనే చట్టం ఒప్పుకుంటుంది

చాలాచోట్ల కారణమే అడగరు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, నిబంధనలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారతాయి. జర్మనీలో బడికి పంపడం తప్పనిసరి. అక్కడ మత కారణం చెప్పిన తల్లిదండ్రుల ఫిర్యాదునే 2006లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తోసిపుచ్చింది. మీరున్న చోటి చట్టం పాఠాన్నే చదవండి, గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌ను నమ్మకండి.

అపోహ: మతం లేకపోతే పిల్లలకు నీతి రాదు, స్నేహితులూ ఉండరు

నిజం చెప్పడం, మాట నిలబెట్టుకోవడం పిల్లలు పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటారు. స్నేహితులు ఆటల్లో, సంగీతం క్లాసుల్లో, లైబ్రరీల్లో దొరుకుతారు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

అపోహ: కొన్న పుస్తకాలన్నీ పారేయాలి

అక్కర్లేదు. లెక్కల పుస్తకంలో అక్కడక్కడా ప్రార్థన వాక్యం ఉంటే దాటేసి ముందుకు పోండి, భిన్నాలు భిన్నాలే. న్యూట్రల్ సైన్స్ పుస్తకంలో విద్యుత్తు, రసాయనశాస్త్రం పాఠాలు బాగానే ఉండొచ్చు, వాడుకోండి. లేనివాటిని బయటి నుంచి తెచ్చి కలపండి. రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ బయాలజీ పుస్తకం పూర్తిగా ఉచితం, పరిణామం అందులో ఒక యూనిట్‌గానే ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు పరిణామం మీదే ఒక వెబ్‌సైట్ నడుపుతున్నారు, టీచర్లకు పాఠాలు కూడా ఉంటాయి.

మా అమ్మాయి పుస్తకాన్ని నేను పారేయలేదు. శిలాజాల పాఠం పక్కన ఒక తెల్లకాగితం అంటించాను. మొదటి జీవం, మొదటి చేప, మొదటి పక్షి, మొదటి మనిషి అని అంకెలతో సహా అదే తన చేత్తో రాసుకుంది. మొదటి జీవానికి 350 కోట్ల ఏళ్లు దాటాయని రాయాల్సి వచ్చినప్పుడు సున్నాలు పట్టక కాగితం అంచు దాటి పుస్తకం మీదకు వెళ్లిపోయింది.