మేకన్ హోటల్లో రాత్రి పాట ఉండదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, శనివారం సాయంత్రం షో ఎన్నింటికి?" ఈ ఫోన్ రాని వారం లేదు. అట్లాంటా నుంచి మనవాళ్లను వ్యాన్‌లో అమెరికాలో జార్జియా రాష్ట్రంలోనే ఉన్న మేకన్ ఊరికి తీసుకెళ్లి, అక్కడి పాటల చరిత్ర ఉన్న చోట్లు చూపించడం నా పని. వాళ్లు అడిగేది హెచ్ అండ్ హెచ్ హోటల్ గురించి.

అపోహ: ఆల్మన్ బ్రదర్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్లు తిన్న హోటల్ కాబట్టి రాత్రిపూట బ్యాండ్ వాయిస్తుంది.

వాస్తవం: వాయించదు. అది క్లబ్ కాదు, భోజన హోటల్. 1959లో ఇనెజ్ హిల్, లూయీస్ హడ్సన్ అనే ఇద్దరు నల్లజాతి మహిళలు పెట్టారు. ఆ రెండు హెచ్‌లు వాళ్ల ఇంటిపేర్లవే. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, తర్వాత తాళం. ఒక్కసారి ఆలోచించండి. వాయించేవాళ్లకు రాత్రి డ్యూటీ టైమ్. వాళ్లు హోటల్‌కు వచ్చింది ఆకలేసి, పాడటానికి కాదు.

1969లో ఆల్మన్ బ్రదర్స్ మేకన్‌లో దిగినప్పుడు చేతిలో డబ్బుల్లేవు. రెండు ప్లేట్లు చెప్పుకుని గుంపంతా పంచుకుని తినడం చూసి, లూయీస్ గారు తలా ఒక ప్లేటు పెట్టారట. అక్కడ ఇప్పటికీ చెప్పుకునే మాట ఇది. ఆవిడ వాళ్లందరికీ మామా లూయీస్ అయిపోయారు. 1972లో బ్యాండ్ ఆవిడను తమతో పాటు టూర్‌కు తీసుకెళ్లింది. ఈ హోటల్‌కు పేరొచ్చింది ఆ ప్లేట్ల వల్ల. చూడాల్సింది గోడల నిండా ఉన్న ఫోటోలు, తినాల్సింది ఆ చేతివంట పద్ధతిలో వండిన కూర.

అయినా వాట్సాప్‌లో "రోజూ రాత్రి లైవ్ మ్యూజిక్" అని ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. ఒక్కసారి హోటల్‌కు ఫోన్ చేసి కనుక్కుంటే ఏం పోతుంది? కిందటేడు షార్లెట్ నుంచి ఒక కుటుంబం ఆ మెసేజ్ నమ్మి, గంటల తరబడి కారు నడిపి రాత్రి ఏడింటికి అక్కడికి చేరింది. గిటార్ నేర్చుకుంటున్న వాళ్ల అమ్మాయి తలుపు అద్దానికి రెండు చేతులూ ఆనించి, చీకట్లో గోడమీది ఫోటోలు చూస్తుంటే వాళ్ల నాన్న ఫోటో తీసి నాకు పంపారు. వీపున గిటార్ అలాగే ఉంది. పాపం, అక్కడ వాయించనిస్తారేమోనని తెచ్చుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మెసేజ్ తప్పని నేను ముందే నలుగురికీ చెప్పి ఉండాల్సింది.

అపోహ: వెజిటబుల్ ప్లేట్ అంటే శాకాహారం.

వాస్తవం: ఇది మన పెద్దవాళ్లకు సంబంధించింది, జాగ్రత్తగా వినండి. ఈ హోటళ్లలో ఒక మాంసం, పక్కన రెండు మూడు కూరలు అన్నది లెక్క. మాంసం వద్దంటే మిగిలేదే వెజిటబుల్ ప్లేట్. కానీ కొలార్డ్ ఆకుకూరను చాలాచోట్ల పొగబెట్టిన పంది కాలి ముక్కతోనో, టర్కీ ముక్కతోనో గంటల తరబడి ఉడికిస్తారు. బీన్స్, అలసందలు కూడా అలాగే. ఒకసారి గుంటూరు నుంచి వచ్చిన పెద్దమ్మగారు "మన తోటకూరలా ఉంది నాయనా" అంటూ సగం తిన్నాక, గిన్నె అడుగున గులాబీ రంగు పీచు కనిపించింది. ఆవిడ ఏమీ అనలేదు, స్పూను కింద పెట్టి చేతులు కడుక్కున్నారు. అప్పటి నుంచి ప్రతి కూర గురించీ విడివిడిగా నేనే అడుగుతాను. "మాంసం ఉందా" అని అడిగితే చాలదు, "దేనితో ఉడికించారు" అని అడగాలి. విసుక్కోరు, చెప్తారు. టెన్షన్ పడే అవసరం లేదు. సందేహం ఉంటే మానేయండి, ఆకలికి మనం తెచ్చుకున్న పులిహోర ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఆ బ్యాండ్ గిటారిస్టు డ్వేన్ ఆల్మన్ పీచ్ పళ్ల లారీ గుద్దుకుని పోయాడు, అందుకే వాళ్ల ఆల్బమ్‌కు 'ఈట్ ఎ పీచ్' అని పేరు పెట్టారంటారు. పుకారు. 1971 అక్టోబర్ 29న మేకన్‌లో అతని బైక్ ప్రమాదంలో ఉన్నది దుంగలెత్తే క్రేన్ లారీ. పళ్లు లేవు. పిల్లల ముందు ఈ కథ నవ్వుతూ చెప్పకండి. అతనికి 24 ఏళ్లే.

రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ మేకన్‌వాడు కాబట్టి అతని 'టుట్టీ ఫ్రూటీ' పాట ఇక్కడే రికార్డయింది అంటారు. కాదు, 1955లో న్యూ ఆర్లీన్స్‌లో. రికార్డింగ్ మధ్యలో భోజనానికి డ్యూ డ్రాప్ ఇన్ అనే క్లబ్‌కి వెళ్లి, అక్కడి పియానో మీద ఈ పాట అందుకున్నాడు. మేకన్‌లో అతను బస్ స్టేషన్‌లో అంట్లు తోమాడు.

షార్లెట్ వాళ్లు ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. మర్నాడు పొద్దున్నే హోటల్ తెరవగానే టిఫిన్ చేసి, పాటలు రికార్డ్ చేసే కాప్రికార్న్ స్టూడియో, బ్యాండ్ వాళ్లు ఒకప్పుడు ఉన్న బిగ్ హౌస్ అనే ఇల్లు, రోజ్ హిల్ శ్మశానంలో డ్వేన్ సమాధి చూశారు. మీరూ ఆ వరసలోనే రండి. బిగ్ హౌస్ వారమంతా తెరిచి ఉండదు, ఏ రోజులో చూసుకుని బయల్దేరండి.