ఆస్తికుడు ‘ఉంది’ అన్నది దేని గురించి?

దేవుణ్ణి నమ్మేవాడు ఆస్తికుడు, నమ్మనివాడు నాస్తికుడు అని ఈనాడు మనం తడుముకోకుండా చెబుతాం. కానీ ఈ మాటల పుట్టుకలో దేవుడి ప్రస్తావన లేదు.

పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో ‘అస్తినాస్తిదిష్టం మతిః’ (4.4.60) అనే సూత్రం ఉంది. అస్తి అంటే ఉంది, నాస్తి అంటే లేదు, దిష్టం అంటే విధి. వీటిలో ఏది ఒకరి మతి (నమ్మకం) అయితే, ఆ మాటకు ప్రత్యయం చేరి ఆస్తికుడు, నాస్తికుడు, దైష్టికుడు అనే రూపాలు ఏర్పడతాయి. ఏది ఉందని నమ్మాలో సూత్రం చెప్పదు. సుమారు ఏడో శతాబ్దిలో జయాదిత్య వామనులు అష్టాధ్యాయికి వ్యాఖ్యగా రచించిన కాశికావృత్తి, పరలోకం ఉందని తలచేవాడే ఆస్తికుడని వివరించింది. చేసిన కర్మ ఫలం చావుతో తీరిపోదన్న నమ్మకమే ఇక్కడ గీటురాయి.

మనుస్మృతి (2.11) వేరే గీటురాయి పెట్టి, వేదాన్ని నిందించేవాడు నాస్తికుడంది. దాని ప్రకారం బౌద్ధులు, జైనులు నాస్తికులయ్యారు. వేదంలోని కర్మకాండను విచారించే పూర్వమీమాంసకులు సృష్టికర్త అవసరమే లేదన్నా వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నందున ఆస్తికులుగా నిలిచారు. దేవుడే కొలత అనుకునే నేటి పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

ఆ ముద్రను అవతలి పక్షం ఒప్పుకోలేదు. శాతవాహన రాజుకు ఉపదేశంగా రాశాడని సంప్రదాయం చెప్పే రత్నావళిలో, బౌద్ధాచార్యుడైన నాగార్జునుడే నాస్తికుడికి దుర్గతి, ఆస్తికుడికి సుగతి అంటాడు. మోక్షం మాత్రం ఉంది, లేదు అనే ఆ రెండు పక్షాలనూ ఆశ్రయించనివాడిదంటాడు. జైనుడైన హరిభద్రసూరి తన షడ్దర్శన సముచ్చయంలో బౌద్ధ, జైన దర్శనాలను ఆస్తికవాదాలలోనే లెక్కించి, పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకాన్ని విడిగా చెప్పాడు. ఎవరి చేతిలో పడినా నాస్తిక శబ్దం ఎదుటివాడికి తగిలించే పేరుగానే ఉండిపోయిందని నాకు అనిపిస్తుంది.

ఇంగ్లీషులోని థీయిస్ట్, ఎథీయిస్ట్ మాటలకు ఇవే సాటిపదాలుగా స్థిరపడ్డాక మన వాడుకలో దేవుడే కొలత అయ్యాడు. ఆ కొత్త అర్థంలోనే గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు నాస్తికుడన్న పేరును తనకు తానే పెట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన నెలకొల్పిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది. మనిషి తన బతుకుకు తానే బాధ్యుడన్న భావాన్ని ఆయన ఆ ‘నాస్తి’లో చూశారు.