బిందె మోగేదాకా

"నేను దేన్నీ నొక్కలేదండీ. ఆ మిక్సీ ఫోటో దగ్గర కాసేపు ఆగానంతే. సైటుకెలా తెలిసింది? ఫోన్ కెమెరా మనల్ని చూస్తుంటుందా?" అని ఒకావిడ అడిగారు.

పూర్వం దిష్టి భయం ఎలాగో, ఇప్పుడు కెమెరా భయం అలాగ. లెన్సు మీద స్టిక్కర్ అంటించుకున్నవాళ్లనీ చూశాను. ఈ పనికి కెమెరాతో అవసరమే లేదు. మీ కళ్లు ఎటున్నాయో సైటుకి తెలియదు, తెర మీద ఏ బొమ్మ ఎంతసేపు ఉందో మాత్రం తెలుస్తుంది.

నొక్కడం సంగతి తేలిక. పేజీలో వంద బటన్లున్నా వంద కాపలాలు అక్కర్లేదు. ఎక్కడ నొక్కినా ఆ కబురు పైపైకి పాకి డాక్యుమెంట్ దాకా, అంటే మొత్తం పేజీ దాకా వస్తుంది, అక్కడ ఒక్క లిజనర్ (కబురు వినే కోడ్) కూర్చుంటే చాలు. లింకు నొక్కితే పేజీయే మారిపోతుంది కాబట్టి, కబురు మధ్యలో తెగిపోకుండా సెండ్‌బీకన్ అనే బ్రౌజర్ ఆదేశంతో పంపుతారు. అంతే. అసలు తమాషా కనిపించడంలో ఉంది.

మున్సిపల్ నీళ్లు తెల్లవారుజామున ఎప్పుడొస్తాయో తెలియని వీధిలో రెండు పద్ధతులుంటాయి. పది నిమిషాలకోసారి లేచి వెళ్లి చూడటం ఒకటి. కుళాయి తిప్పేసి, కింద ఖాళీ స్టీలు బిందె పెట్టి పడుకోవడం రెండోది. నీళ్లు రాగానే బిందే లేపుతుంది.

పేజీలో నడిచే కోడ్‌ని జావాస్క్రిప్ట్‌లో రాస్తారు. పాత జావాస్క్రిప్ట్‌ది మొదటి పద్ధతి. పేజీ జరిగినప్పుడల్లా స్క్రోల్ ఈవెంట్ (జరిగిందన్న కబురు), దాంతోపాటే ఒక్కో బొమ్మనీ "ఎక్కడున్నావు?" అని గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్‌తో అడగడం. ఈలోగా పేజీలో ఏదైనా మారి ఉంటే బ్రౌజర్ లేఅవుట్ (ఏది ఎక్కడుండాలన్నది) అంతా అప్పటికప్పుడు మళ్లీ లెక్కగట్టాలి. సెకనుకి 60 సార్లు గీసే తెర మీద ఒక్కో ఫ్రేముకి దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అందులో ఈ కొలతలన్నీ దూరిస్తే పేజీ ఆగి ఆగి కదులుతుంది. నాకు క్లాసులో నేర్పింది ఇదే. ఎందుకు నెమ్మదిస్తుందో చెప్పలేదు, నోట్సు మాత్రం రాయించారు.

2016లో క్రోమ్ 51తో వచ్చిన ఇంటర్‌సెక్షన్ అబ్జర్వరే మన బిందె. బొమ్మ తెర మీదికి ఎంత వచ్చిందో కనిపెట్టి చూసే పని బ్రౌజర్‌ది, మన కోడ్ పడుకోవచ్చు. నీళ్లు నిండేకొద్దీ బిందె చప్పుడు మారుతుంది కదా, ఏ చప్పుడుకి లేపాలో కూడా చెప్పొచ్చు. దాన్నే థ్రెషోల్డ్ అంటారు. 0 అంటే మొదటి చుక్క, 0.5 అంటే సగం, 1 అంటే నిండు. గీత పైకి దాటినా లేపుతుంది, కిందికి దాటినా లేపుతుంది.

మామూలు ప్రకటన "కనిపించింది" అనడానికి అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ పెట్టిన కొలత ఇది: సగం పిక్సెళ్లు, ఆగకుండా ఒక సెకను. వీడియోకైతే 2 సెకన్లు. కాబట్టి బిందె సగానికి మోగగానే 1000 మిల్లీసెకన్ల సెట్‌టైమౌట్, అంటే ఒక సెకను టైమర్, పెడతారు. ఈలోగా సగానికి తగ్గితే క్లియర్‌టైమౌట్‌తో ఆ టైమర్ రద్దు. మీరు వేరే ట్యాబ్‌కి వెళ్లిపోతే బిందె చెబుతుందన్న నమ్మకం లేదు, దానికి విజిబిలిటీఛేంజ్ అని వేరే ఈవెంట్‌ని వినాలి. బొమ్మ మీద పాప్-అప్ కప్పేసినా ఈ బిందెకి తెలియదు. అది పట్టుకునే రెండో వెర్షన్ 2019లో క్రోమ్ 74లో వచ్చింది.

ఈ బిందెతో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. ఒక సైటులో వ్యాసం సగం కనిపిస్తే "చదివారు" అని లెక్కేద్దామని 0.5 పెట్టాను. కంప్యూటర్లలో చిన్న వ్యాసాలకి బాగానే పడింది, ఫోన్లలో పొడవాటి వ్యాసాలకి మాత్రం సున్నా. రెండు రోజులు టెన్షన్. తీరా చూస్తే, వ్యాసం 4000 పిక్సెళ్ల పొడవు, ఫోన్ తెర 800. ఎంత జరిపినా ఒకేసారి కనిపించేది 0.2 వంతు. బిందె అనుకుని గంగాళం పెట్టాను. పది నిమిషాలొచ్చే కుళాయికి గంగాళం సగం ఎప్పుడు నిండాలి?

చివరికి వ్యాసం అడుగున ఒక పిక్సెల్ ఎత్తు ఖాళీ డివ్ (పేజీలో ఒక పెట్టె) పెట్టి, అది కనిపిస్తే లేపమన్నాను. గంగాళం పొర్లే చోట గ్లాసు పెట్టినట్టు. మర్నాటికి లెక్క కదిలింది. కానీ ఒక్క విసురుతో అడుక్కి జారి, వెంటనే పైకి వచ్చేసినవాళ్లూ అందులో చేరారు. ఇప్పుడు ఆ గ్లాసుకీ ఒక సెకను టైమర్ ఉంది.