మన కాయే కదా, ఖర్చేముంది? కారం వ్యాపారంలో అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం ప్రత్తిపాడు వైపు నుంచి ఒక జంట మా కారం యూనిట్‌కి వచ్చారు. వాళ్లకి నాలుగెకరాల మిరప తోట ఉంది. మిర్చి యార్డులో పలికిన రేటుకి కడుపు మండి, సొంతంగా కారం ఆడించి అమ్ముకుందామని తేల్చుకున్నారు. ప్యాకెట్ డిజైన్ కూడా చేయించుకొచ్చారు. కిలో ఎంతకి అమ్ముతారమ్మా అని అడిగితే, "రెండొందలు అక్కా. బయట మూడొందల పైనే ఉందిగా. మనకి కాయ ఊరికే వచ్చిందే కదా" అంది ఆ అమ్మాయి.

ఈ "ఊరికే" అన్న మాట ఆరేళ్లుగా వింటున్నాను. మొదటి ఏడాది నేనూ అదే అన్నాను కాబట్టి ఎవరి మీదా కోప్పడలేను.

అపోహ: సొంత పొలంలో కాయ, ముడిసరుకు ఖర్చు లేదు.

వాస్తవం: ఆ కాయని ఆ రోజు యార్డుకి తోలితే ఎంత వచ్చేదో అదే దాని ఖర్చు. మా మొదటి ఏడాది పుస్తకం ఇంకా దాచాను. అప్పుడు మా కాయకి క్వింటాలుకి 15,000 అడిగారు. అమ్మకుండా ఇంటికి తెచ్చాం. తొడిమలు తీసిన కూలి 1,100. మర ఖర్చు 1,300. కవర్లు, లేబుళ్లు 1,600. మొత్తం 19,000. తొడిమలు, తాలు కాయలు, ఎండలో పోయిన తేమ, మరలో పోయిన పొడి తీసేస్తే 100 కిలోలకి చేతికొచ్చింది 84 కిలోలు. కిలో 226 పడింది. నేను అమ్మింది 220కి! పైగా ఆ 226లో కొరియర్ లేదు, షాపువాళ్ల మార్జిన్ లేదు, రాత్రి రెండింటిదాకా ప్యాకింగ్ చేసిన మా కూలి లేదు. నాలుగు డబ్బులు కనిపిస్తున్నాయని సంక్రాంతికి పట్టుచీర కూడా కొనుక్కున్నాను. నిజానికి అది కాయ అమ్మిన డబ్బే, లాభం కాదు.

రేటు పడిన ఏడాది ఈ తప్పు బయటపడదు. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన కాయ 2025 మొదట్లో ఎంత పడిందంటే, మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటప్పుడు కిలో 220 పెట్టుకుని అలవాటైనవాళ్లు, కాయ మళ్లీ 20 వేలకి ఎక్కినప్పుడు ప్యాకెట్ రేటు పెంచలేక సతమతమవుతారు. ఆ ఏడాది కాయ యార్డులో పోసి ఇంట్లో పడుకున్నవాడే మేలు. అందుకే పొలానికొక పుస్తకం, కారానికొక పుస్తకం పెట్టండి. పొలం నుంచి కారం యూనిట్ కాయ కొన్నట్టే లెక్క రాయాలి, ఆ రోజు రేటుకే.

ఇక మిగతావి.

"రైతుకి ఫుడ్ లైసెన్స్ అక్కర్లేదట కదా?" సగమే నిజం. 2006 నాటి ఆహార భద్రతా చట్టం రైతుకి, పొలంలో ఉన్న పంటకి వర్తించదు. కాయ పొడై ప్యాకెట్‌లోకి వెళ్లాక అది ఆహార వ్యాపారమే. చిన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. దీనికి బ్రోకర్లకి వేలు పోసినవాళ్లు నాకు తెలుసు. అధికారి వస్తే ఏమవుతుందోనని టెన్షన్ పడి దొంగచాటుగా అమ్ముకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది. రిజిస్ట్రేషన్‌తో వచ్చే 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేసుకుంటే సగం భయం పోతుంది.

"ఇంట్లో చేసింది, కెమికల్స్ లేవు, టెస్టు దేనికి?" కారంలో తేమ 11 శాతం దాటకూడదు. నేల మీద ఆరబోసిన కాయకి రాత్రి మంచు తగిలితే బూజు, దాంతో అఫ్లటాక్సిన్ అనే విషం. అది కంటికి కనపడదు, ల్యాబ్‌లోనే తెలుస్తుంది. రెండో ఏడాది బెజవాడ షాపు నుంచి మా ప్యాకెట్లు గడ్డకట్టి వెనక్కొచ్చాయి. తప్పు మాదే. మబ్బు పట్టిన రోజున, సరిగా ఆరని కాయనే ఆడించాం. అప్పటినుంచి టార్పాలిన్ పట్టాల మీదే ఆరబోస్తున్నాం.

"మిషన్ కొంటే సబ్సిడీ చేతికొస్తుంది." రాదు! చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం నిబంధన ప్రకారం 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. కానీ అది బ్యాంకు లోనుకి ముడిపడిన డబ్బు. మూడేళ్లు లోను సక్రమంగా నడిస్తేనే అప్పులో సర్దుతారు. ఎవరో చెప్పారని లోను సాంక్షన్ కాకముందే మిషన్ కొన్న ఒకాయన ఇంట్లో ఇప్పుడు దాని మీద కోళ్లు పడుకుంటున్నాయి. మొదటి రెండేళ్లు బయట మరలో ఆడించుకోండి.

ఇంకొకటి. పొలంలో వేసింది తేజ రకం మిరప అయితే ప్యాకెట్ మీద గుంటూరు సన్నం అని వేయకండి. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. పేరు బాగుందని వాడేసుకోవడం కుదరదు.

ఆ జంటకి ఇదంతా చెప్తుంటే మా అత్తయ్య గుమ్మంలో కూర్చుని తొడిమలు తీస్తూ వింటోంది. మా ఇంట్లో పొలం పుస్తకం ఆవిడది, కారం పుస్తకం నాది. పొద్దున్నే యార్డుకి ఫోన్ చేసి రేటు కనుక్కున్నాకే టిక్కీ (కాయ బస్తా) విప్పనిస్తుంది. వాళ్లు బయల్దేరుతుంటే నా వైపు తిరిగి, "డిసెంబరు దాకా ఏసీ కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయకి ఆ అద్దె కూడా నీ పుస్తకంలోనే రాసుకోవే, నా దగ్గర కుదరదు" అంది.