రాళ్ళకు పేర్లెందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"మనుషులుండని సముద్రపు రాళ్ళకు పేర్లెందుకు తాతయ్యా?" అని మీలో చిన్నవాడు పోయిన ఆదివారం అడిగితే నవ్వి ఊరుకున్నాను గాని, ఆ ప్రశ్న వారమంతా నన్ను వదలలేదు.

ఐర్లండుకు పడమట, గాల్వే అఖాతం ముఖద్వారంలో ఆరన్ అనే మూడు సున్నపురాతి దీవులున్నాయి. అక్కడివారిది గేలిక్ భాష. అందులో "ఇనిష్" అంటే దీవి, "మోర్" అంటే పెద్దది, కనుక అన్నిటిలోకీ పెద్ద దీవి ఇనిష్ మోర్. నిట్టనిలువు చరియ మీద కూర్చుని గాలం వదిలే జాలరికి "ఆ నల్లరాయి దగ్గర" అని చెబితే ఏమి తెలుస్తుంది? అందుకే ప్రతి గుండుకూ, ప్రతి చీలికకూ పేరు పడింది.

1824లో అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం పన్నుల లెక్క కోసం ఐర్లండునంతా మైలుకు ఆరంగుళాల కొలతతో పటాలుగా గీయించడం మొదలుపెట్టి, ఆ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి దింపించింది. మన కడపను "కడ్డపా" చేసినదీ ఆ దొరతనమే.

దింపితే ఏమైందో తెలియాలంటే మీ నాయనమ్మ జాడీలను తలచుకోండి. వాటికి చీటీలుండవు; ఏది ఏ ఏటిదో, ఏది పెద్దమామిడిదో ఆవిడకే తెలుసు. తెలుగు అరకొరగా వచ్చిన చుట్టమొకరు సాయం చేద్దామని వచ్చి, "మాగాయ" అని ఆవిడ చెబితే "మా గాయం" అని రాసి అంటించారనుకోండి. చీటీ చదివినవాడు జాడీ జోలికి పోడు, మూత తీయడు, ఆ వాసన ఎరుగడు, అన్నంలోకి నెయ్యి అడగడు... జాడీల దగ్గరే ఆగిపోయాను, క్షమించండి.

1972లో లండన్ వదిలి ఇనిష్ మోర్‌లో కాపురం పెట్టిన టిమ్ రాబిన్సన్ అనే చిత్రకారుడితో, అక్కడి పోస్టాఫీసు నడిపే ఆవిడ, దీవికి మంచి పటమొకటి గీయకూడదా అన్నారట. ఆయన గేలిక్ నేర్చుకుని, ఒడ్డువెంట నడిచి, ముసలివాళ్ళను అడిగి పేర్లు రాసుకుని, 1975లో మొదటి పటం వేశారు. దీవి ఆగ్నేయపు కొసన ఒకచోటికి సర్వే పటంలో "ఇల్లానానార్" అని ఉంది. వినడానికి ఏదో దీవి పేరులా ఉంటుంది గాని అక్కడ దీవి లేదు. స్థానికుల నోట అది "గ్లాన్ న న్యోర్", అంటే కన్నీళ్ళ లోయ. అమెరికాకు వలసపోయేవాళ్ళ ఓడలు ఆ పక్క జలసంధిలోంచే వెళ్ళేవి. అయినవాళ్ళు అక్కడికి వచ్చి చేతులూపి ఏడ్చేవారు.

నా చిన్నతనంలో మా ఊరి కాలువ మలుపును గుర్రపుమడుగు అనేవారు. రోజూ ఈదాను గాని ఏ గుర్రమని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు చెప్పేవారు లేరు. మీరు అలా చేయకండి.

ఇనిష్ మోర్ చరియల కింద, ఉలితో చెక్కినట్టు దీర్ఘచతురస్రంగా ఒక మడుగుంది. దాన్ని చెక్కింది సముద్రమే. అడుగునుంచి నీరు పొంగి వస్తుంది. పేరు "పౌల్ న బేష్ట్", పురుగుల బిలమన్నా భూతాల బిలమన్నా ఆ మాటకు చెల్లుతుంది. సముద్రానికి అంత తిన్నని గీత ఎలా వచ్చిందో తలచుకుంటే నాకింకా ఆశ్చర్యమే.

మీ అట్లాసులో ఆరన్ దీవులను వెతకండి. కన్నీళ్ళ లోయ అందులో ఉండదు. ఇనిష్ మోర్ ఆగ్నేయపు కొసన పెన్సిలుతో చిన్నగా రాసిపెట్టండి.

మీ
తాతయ్య