పొగరుగా, గర్వంగా, ఠీవిగా: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో పదో తరగతి పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఈమధ్య ఒక అమ్మాయి వ్యాసంలో "మా తాతయ్య తలపాగా చుట్టుకుని పొగరుగా నడిచేవారు" అని రాసింది. పిలిచి అడిగితే, "నిటారుగా, దర్జాగా అని మాస్టారూ" అంది. తాతగారి మీద ప్రేమతో రాసిన వాక్యం ఆయనను తిట్టినట్టు తయారైంది.

అపోహ: పొగరుగా, గర్వంగా, ఠీవిగా... ఏది రాసినా ఒకటే.

వాస్తవం: పొగరు ఎప్పుడూ నిందే. బలిసిన ఎద్దు కాడికి మెడ వంచకపోతే పొగరెక్కిందంటారు. మనిషికి వాడినా ఆ వాసన పోదు. గర్వం రెండు వైపులా పోతుంది. "కూతురి మార్కులు గర్వంగా చెప్పాడు" అంటే సంతోషం, "గర్వంగా మొహం తిప్పుకున్నాడు" అంటే నింద. వెనక వచ్చే క్రియే తేలుస్తుంది. ఠీవిలో మాత్రం ఎవరినీ చిన్నచూపు చూడటం ఉండదు. మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగనాడు సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, కోట వైపు కదులుతుంటే "ఎంత ఠీవిగా వస్తోందో" అంటాం. అక్కడ పొగరు అన్న మాట ఎవరి నోటా రాదు. ఆ తాతగారికి కావలసిన మాట ఈ ఠీవిగా అన్నదే.

అపోహ: నిర్లక్ష్యంగా అంటే అజాగ్రత్తగా అనే అర్థం.

వాస్తవం: "నిర్లక్ష్యంగా బండి నడిపాడు" అన్నప్పుడు అంతే. "బంట్రోతు నమస్కారం పెడితే నిర్లక్ష్యంగా చూశాడు" అన్నప్పుడు ఎదుటి మనిషిని లెక్కచేయలేదని. అహంకారం చూపే క్రియావిశేషణాల్లో నాకు ఇదే అన్నిటికన్నా పదునుగా తోస్తుంది. నోరు విప్పకుండానే మనిషిని చిన్నబుచ్చడం ఇందులో ఉంది.

అపోహ: పొగరుగా, తలబిరుసుగా మోటు మాటలు, పరీక్షలో "అహంకారపూరితంగా" అనే రాయాలి.

వాస్తవం: జనం మాటకు రాతలో చోటు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటూ ఇంకా ఈ భయమా? బిరుసు అంటే సులువుగా వంగనిది. తలబిరుసుగా అనగానే మెడ బిగించిన మనిషి కళ్లకు కడతాడు. అహంకారపూరితంగా అంటే ఎవరూ కనబడరు.

అపోహ: పొగరుగా ప్రవర్తించినవాడు పొగరుబోతే.

వాస్తవం: "గా" చేరిన మాట ఆ ఒక్క పనికి చెందుతుంది. "బోతు" చేరితే మనిషి మొత్తానికి ముద్ర పడుతుంది. మొహమాటంతో తల దించుకుపోయే పిల్లవాడి మీద "పొగరుగా వెళ్లిపోయాడు మాస్టారూ" అని ఫిర్యాదు వస్తుంటుంది. ఏం చేశాడని అడుగుతాను. "పలకరిస్తే బదులు చెప్పలేదు" అంటారు. అయితే ఆ వాక్యమే రాయమంటాను.