నూనె పొర మీద నూరేళ్ల తగాదా

1895 సెప్టెంబరు 9న న్యూయార్క్‌లోని బీథోవెన్ హాల్లో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ పుట్టేదాకా, బంతి దొర్లించి సీసా ఆకారపు పది పిన్నులను పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్‌లో ఊరికో కొలత, క్లబ్బుకో నిబంధన. ఆటగాడు దాటకూడని ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు, పక్కపక్క పిన్నుల మధ్య 12 అంగుళాలు, గరిష్ఠ స్కోరు 300 అనే లెక్క ఈ సంఘం వల్లే దేశమంతటా స్థిరపడింది. 1901లో షికాగోలో జరిగిన మొదటి జాతీయ పోటీకి 41 జట్లు వచ్చాయి. కొలతలు అందరికీ ఒకటే అయ్యాయి గానీ ఆట అందరిదీ కాలేదు. 1916లో పెట్టిన, శ్వేతజాతివారికే సభ్యత్వమన్న నిబంధనను 1950లో గానీ ఎత్తేయలేదు. ఆ అన్యాయానికి జవాబుగా 1939లో డెట్రాయిట్‌లో నల్లజాతి ఆటగాళ్లు సొంత సంఘం పెట్టుకున్నారు.

అడుగులూ అంగుళాలూ టేపు పెట్టి కొలవచ్చు. బంతికీ, అది దొర్లే పలకల బాట అయిన లేనుకూ మధ్య రాపిడిని అలా కొలవలేం. ఆటలోని పెద్ద తగాదాలు అక్కడే పుట్టాయి.

పిన్నులు త్రికోణంగా నిలబడతాయి: ముందు 1, వెనక వరసల్లో ఎడమ నుంచి కుడికి 2-3, 4-5-6, 7-8-9-10. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్. కుడిచేతి ఆటగాడికి స్ట్రైక్ దారి 1, 3 పిన్నుల మధ్య సందు. బంతి తానుగా తగిలేది నాలుగే పిన్నులకు: 1, 3, 5, 9. ఒకటో పిన్ను 2ని, అది 4ని, అది 7ని పడేస్తుంది, మూడోది 6ని, ఆరోది 10ని, ఐదోది 8ని. బంతి బరువు గరిష్ఠంగా 16 పౌండ్లు. పిన్ను బరువు మూడున్నర పౌండ్లే అయినా బంతిని పక్కకు నెట్టగలదు. తిన్నగా వచ్చిన బంతి 1, 3లను తాకి కుడికి జరిగిపోతే 5 నిలబడిపోతుంది. అందుకే బంతి సుమారు 6 డిగ్రీల కోణంలో లోపలికి రావాలి. లేను వెడల్పు మూడున్నర అడుగులే కాబట్టి అంచు నుంచి తిన్నగా వేసినా ఆ కోణం రెండు డిగ్రీలు దాటదు. మిగతాది వంపుతోనే రావాలి, వంపుకు రాపిడి కావాలి. లేను ముందు భాగంలో నూనె పూస్తారు. ఆ నూనె మీద బంతి జారుతుంది, నూనె అయిపోయిన చోట పట్టు దొరికి మలుపు తిరుగుతుంది.

1973లో ప్రొఫెషనల్ ఆటగాడు డాన్ మెక్‌క్యూన్ ఈ పట్టును రసాయనంతో సంపాదించాడు. ప్లాస్టిక్ బంతిని మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకంలో నానబెడితే పైపొర మెత్తబడి లేనును గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఏడాది ఆయన ఆరు టైటిళ్లు గెలిచి ఉత్తమ ఆటగాడయ్యాడు. ద్రావకం ఇట్టే అంటుకుంటుంది, ఆవిరి హానికరం. అయినా మిగతావాళ్లూ బకెట్లలో బంతులు నానబెట్టారు. దాంతో డ్యూరోమీటర్ రంగంలోకి వచ్చింది. ఈ పరికరం సూది మొనను బంతిపై నొక్కి గట్టిదనం చూపిస్తుంది. ప్రొఫెషనల్ ఆటగాళ్ల సంఘం ఆ గట్టిదనం అంకె కనీసం 75 ఉండాలంది, బౌలింగ్ కాంగ్రెస్ 72 చాలంది.

బంతిని కట్టడి చేశాక గొడవ నూనె మీదికి మళ్లింది. 1982 జులై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో గ్లెన్ ఆలిసన్ వరసగా 36 స్ట్రైకులు వేసి మూడు గేముల్లో 900 సాధించాడు. లేను మీద నూనె పరిచిన తీరు నిబంధనలకు తగ్గట్టు లేదని కాంగ్రెస్ దాన్ని గుర్తించలేదు. వేసిన చేతికి ఆ శిక్ష మరీ కఠినమైనదే. 900కు మొదటి అధికారిక గుర్తింపు 1997లో, నెబ్రాస్కాలోని లింకన్‌లో ఆడిన జెరెమీ సోనెన్‌ఫెల్డ్‌కు దక్కింది.

అప్పటికి రియాక్టివ్ రెసిన్ బంతులు వచ్చేశాయి. వాటి పైపొరలోని సన్నని రంధ్రాలు నూనె పీల్చుకుంటాయి. పీల్చిన నూనె పేరుకుంటే మలుపు తగ్గుతుంది, అందుకే ప్రతి త్రో తర్వాతా గుడ్డతో తుడవాలి. బంతులు వెళ్లేకొద్దీ లేను మీది నూనె కూడా చెదిరిపోతుంది. మొదటి గేములో కుదిరిన బంతి దారి మూడో గేములో పనిచేయదు. అప్పుడు నిలబడే చోటు ఒకటి రెండు పలకల మేర లోపలికి మార్చుకోవాలి.

మామూలు సెంటర్లలో మధ్యన నూనె దట్టంగా, అంచుల్లో పలచగా వేస్తారు. బయటికి తప్పిన బంతి పొడిచోట తిరిగి వస్తుంది, లోపలికి తప్పినది జారి సందులోకే చేరుతుంది. కష్టమైన స్పోర్ట్ పోటీల్లో మధ్య నూనెకూ అంచు నూనెకూ ఈ తేడా 3:1 దాటకూడదు. అక్కడ గురి ఒక్క పలక తప్పినా స్ట్రైక్ పోవచ్చు.